గోడమీద మెనూ, పళ్ళెంలో అన్నం
(నెట్‌వర్కు మోడళ్ళలో కాన్ఫిగరేషన్, స్థితి – ఒక పాఠం)



నేను పుంగనూరు హాస్టల్లో అయిదో తరగతిలో చేరాను. ఇంటరు, డిగ్రీ మదనపల్లెలో కాలేజీ హాస్టల్లో ఉండి చదివాను. ఇప్పుడు కుప్పంలో ఎంసీఏ పూర్తి చేస్తున్నాను. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేనే. వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని మేడం గారు అడిగినప్పుడు కవిత రాద్దామనుకున్నాను. అది చేతకాక, నాకు తెలిసిన పాఠం ఒకటి రాస్తున్నాను. పాఠం చివర్లో నేను చేసిన ఒక తప్పు కూడా రాశాను. పాఠం అర్థమైతేనే ఆ తప్పు ఎంత పెద్దదో తెలుస్తుంది. కాబట్టి దయచేసి మొదటి నుంచి చదవండి.

1. మన హాస్టల్ నుంచే మొదలుపెడదాం

మన భోజనాల హాలు గోడమీద ఒక బోర్డు ఉంటుంది. ఏ రోజు ఏమి వండాలో, గుడ్డు ఏ రోజు ఇవ్వాలో అందులో రాసి ఉంటుంది. అది పైవాళ్ళు నిర్ణయించినది. అంటే "ఇలా ఉండాలి" అన్న మాట.

ఇక మన పళ్ళెంలోకి వచ్చేది వేరే సంగతి. చాలా రోజులు రెండూ ఒకటే. కానీ ఒక వానాకాలం గుడ్ల బండి రాలేదు. బోర్డు మీద గుడ్డు ఉంది, పళ్ళెంలో లేదు. బోర్డు అబద్ధమా? కాదు. పళ్ళెం తప్పా? అదీ కాదు. బోర్డు ఒక ప్రశ్నకు జవాబు, పళ్ళెం మరో ప్రశ్నకు జవాబు. "ఏమి ఉండాలి?" అనేది మొదటి ప్రశ్న. "ఏమి ఉంది?" అనేది రెండవది.

అలాగే రిజిస్టర్లు చూడండి. మంజూరైన సీట్లు 100 అనుకుందాం. అడ్మిషన్ రిజిస్టర్లో 96 మంది పేర్లు ఉన్నాయి. ఈ రోజు హాజరు 91. ఇప్పుడు "హాస్టల్లో ఎంతమంది?" అని ఎవరైనా అడిగితే ఏ అంకె చెప్పాలి? బియ్యం కొలిచే వంట అక్కకు 91 కావాలి. కొత్త సీటు ఉందా అని వచ్చిన తల్లికి 96 కావాలి. మూడు అంకెలూ నిజమే. ఒకే గడిలో రాస్తే మాత్రం మూడూ పనికిరాకుండా పోతాయి.

ఈ ఒక్క మాట అర్థమైతే పాఠంలో సగం అయిపోయినట్టే.

2. నెట్‌వర్కులో ఇదే సంగతి

నెట్‌వర్కు అంటే రూటర్లు, స్విచ్‌లు, వాటి మధ్య తీగలు. ఒక్కో పెట్టెలో పదుల కొద్దీ పోర్టులు ఉంటాయి. వాటిని దూరం నుంచి చూసుకోవడాన్ని, మార్చడాన్ని నెట్‌వర్కు మేనేజ్‌మెంట్ అంటారు. ఒక పోర్టు గురించి మనకు తెలిసే సమాచారం మూడు రకాలు.

మొదటిది కాన్ఫిగరేషన్. ఇది మనిషి రాసినది. "ఈ పోర్టు తెరిచి ఉండాలి, దీని అడ్రసు ఇది" వంటివి. మనం మార్చితే తప్ప మారదు.

రెండవది స్థితి. ఇది పెట్టె తనంతట తాను చెప్పేది. పోర్టు నిజంగా పనిచేస్తోందా, అవతల తీగ ఉందా, ఎంత వేగంతో కలిసింది వంటివి. దీన్ని మనం చదవగలం గానీ రాయలేం. "పోర్టు పనిచేస్తోంది" అని మనం రాసినంత మాత్రాన తెగిన తీగ అతుక్కోదు కదా!

మూడవది లెక్కలు. ఇప్పటిదాకా ఎన్ని బైట్లు వచ్చాయి, ఎన్ని తప్పులు వచ్చాయి అన్న కౌంటర్లు. ఇవి కూడా స్థితి కిందికే వస్తాయి. కాకపోతే క్షణక్షణం మారుతూ ఉంటాయి.

"మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు" అని మన పెద్దలు అంటారు. కాన్ఫిగరేషన్ మాట అయితే స్థితి కాలు. రెండింటినీ విడివిడిగా చూడటం నేర్చుకోవడమే ఈ విద్య.

3. కలిపేస్తే ఏమవుతుంది?

చూపులకు చిన్న విషయంగా ఉంది, దీనికింత చర్చ ఎందుకు అని నాకూ మొదట అనిపించింది. కారణాలు ఇవి.

(అ) ఒక రూటరు కాలిపోయిందనుకోండి. కొత్తది తెచ్చి, పాతదాని నకలు అందులో పెట్టాలి. నకల్లో స్థితి, లెక్కలు కూడా కలిసి ఉంటే కొత్త పెట్టె వాటిని తీసుకోదు. అవి రాయదగినవి కావు గనుక తప్పు అని తిప్పి పంపుతుంది.

(ఆ) నిన్నటి కాన్ఫిగరేషన్‌కు, నేటి కాన్ఫిగరేషన్‌కు తేడా ఏమిటో చూడాలి. కౌంటర్లు కూడా కలిసి ఉంటే వేల వరుసలు మారినట్టు కనిపిస్తాయి. ఎవరో నిజంగా మార్చిన ఒక్క వరుస వాటిలో మునిగిపోతుంది.

(ఇ) సమాచారం బరువు పెరిగిపోతుంది. దాచాల్సింది కొంచెమే, దాచేది కొండంత.

(ఈ) అన్నిటికంటే ముఖ్యం: "ఉండాలి" అన్నదాన్ని చూసి "ఉంది" అని మనం నమ్మేస్తాం.

మొదటి మూడు కారణాలూ నెట్‌కాన్ఫ్ అనే ప్రమాణ పత్రంలో ఉన్నవే. నాలుగవది నాకు అనుభవంలో తెలిసింది.

4. ఈ ఆలోచన ఎలా వచ్చింది?

ఇంటర్నెట్ పెట్టెలను దూరం నుంచి చూసుకోవడానికి 1988లో ఎస్ఎన్ఎంపీ అనే పద్ధతి వచ్చింది. అందులో పోర్టుల పట్టిక ఒకటి ఉంటుంది. "పోర్టు తెరిచి ఉండాలా?" అన్న గడి, "తెరిచి ఉందా?" అన్న గడి, బైట్ల లెక్క, అన్నీ ఆ ఒక్క పట్టికలోనే పక్కపక్కన ఉంటాయి. చూడటానికి అది బాగానే పనికివచ్చింది. మార్చడానికి మాత్రం నెట్‌వర్కు నడిపేవాళ్ళు దాన్ని పెద్దగా వాడలేదు. ఒక్కో పెట్టెలోకి వెళ్ళి కమాండ్లు కొట్టడమే వాళ్ళకు సులువైంది.

2002 జూన్‌లో అమెరికాలోని రెస్టన్ అనే ఊళ్ళో, ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవాళ్ళు, నెట్‌వర్కులు నడిపేవాళ్ళు కూర్చుని మాట్లాడుకున్నారు. నడిపేవాళ్ళు తమకు ఏమి కావాలో ఒక జాబితా చెప్పారు. అందులో మొదటిది, వాడటానికి సులువుగా ఉండాలి అని. రెండవదే మన పాఠం: కాన్ఫిగరేషన్ వేరు, నడిచే స్థితి వేరు, లెక్కలు వేరు అని స్పష్టంగా విడదీయాలి అని. ఆ సమావేశం వివరాలు 2003లో ఆర్ఎఫ్‌సీ 3535 అనే పత్రంగా వచ్చాయి.

నాకు ఒక సంగతి ముచ్చటగా అనిపిస్తుంది. అదే 2002లో మన కుప్పంలో హెచ్‌పీ కంపెనీ, రాష్ట్ర ప్రభుత్వం కలిసి ఐ-కమ్యూనిటీ అనే పథకం మొదలుపెట్టాయి. పల్లెల్లో సమాచార కేంద్రాలు పెట్టి కంప్యూటరు, ఇంటర్నెట్ జనానికి చూపించారు. అక్కడ పెద్దలు నెట్‌వర్కును ఎలా నడపాలని తర్జనభర్జన పడుతున్న ఏడాదే ఇక్కడ మన పల్లెల వాళ్ళు మౌస్ పట్టుకున్నారు. అంటే ఈ విద్యలో మనం అంత వెనక ఏమీ లేము.

రెస్టన్ మాటల ఫలితంగా 2006లో నెట్‌కాన్ఫ్ వచ్చింది. అందులో రెండు వేరు వేరు అడుగుళ్ళు ఉన్నాయి. ఒకటి "గెట్-కాన్ఫిగ్", అంటే రాసినది మాత్రమే ఇవ్వు అని. రెండవది "గెట్", అంటే రాసినదీ, నడుస్తున్న స్థితీ రెండూ ఇవ్వు అని. తర్వాత 2010లో యాంగ్ అనే భాష వచ్చింది. ఏ పెట్టెలో ఏ సమాచారం ఏ ఆకారంలో ఉంటుందో యాంగ్‌లో రాస్తారు. దీన్నే డేటా మోడల్ అంటారు. సమాచారం ఒక చెట్టులా ఉంటుంది. కొమ్మలు, ఆకులు. ప్రతి ఆకు దగ్గరా "కాన్ఫిగ్ ట్రూ" లేదా "కాన్ఫిగ్ ఫాల్స్" అని గుర్తు పెట్టవచ్చు. ట్రూ అంటే మనం రాసేది. ఫాల్స్ అంటే పెట్టె చెప్పేది.

ఇక్కడ రెండు నియమాలు గుర్తుపెట్టుకోండి, ఇంటర్వ్యూలో అడుగుతారు. ఒకటి: ఒక కొమ్మ "ఫాల్స్" అయితే దాని కింద ఏ ఆకూ "ట్రూ" కాకూడదు. రెండు: కాన్ఫిగరేషన్ సరైనదా కాదా అన్నది స్థితి మీద ఆధారపడకూడదు. తీగ తెగిందని బోర్డు మీద రాసిన మెనూ తప్పైపోదు కదా!

5. మూడు రకాల అమరికలు

విడదీయాలి, సరే. ఎలా విడదీయాలి? ఇక్కడే పెద్దవాళ్ళకు కూడా ఏకాభిప్రాయం కుదరలేదు. మూడు పద్ధతులు ఉన్నాయి.

మొదటి పద్ధతి: రెండు చెట్లు. 2014లో వచ్చిన పోర్టుల మోడల్, అంటే ఆర్ఎఫ్‌సీ 7223, ఇలా ఉండేది. "ఇంటర్‌ఫేసెస్" అని ఒక చెట్టు, అందులో రాసినవి. "ఇంటర్‌ఫేసెస్-స్టేట్" అని ఇంకో చెట్టు, అందులో నడుస్తున్నవి. ఇలా ఎందుకు చేశారు? కొన్ని పోర్టులు మనం ఏమీ రాయకపోయినా పెట్టెలో ఉంటాయి. కాన్ఫిగరేషన్‌లో వాటి పేరే లేదు. మరి వాటి స్థితిని ఏ కొమ్మకు తగిలించాలి? అందుకని వేరే చెట్టు నాటారు. ఇది అడ్మిషన్ రిజిస్టరు ఒక బీరువాలో, హాజరు పట్టిక ఇంకో బీరువాలో పెట్టినట్టు. చిక్కేమిటంటే, ఒకే ఆకును రెండు చోట్లా రాయాలి, ఆపైన ఏది దేనికి జోడీయో వెతుక్కోవాలి.

రెండవ పద్ధతి: ఒకే చెట్టు, ప్రతి కొమ్మకు రెండు సంచులు. గూగుల్ వంటి పెద్ద నెట్‌వర్కులు నడిపేవాళ్ళు కలిసి ఓపెన్‌కాన్ఫిగ్ అనే మోడళ్ళు తయారుచేశారు. వాటిలో ప్రతి పోర్టు కింద "కాన్ఫిగ్" అనే సంచి, "స్టేట్" అనే సంచి పక్కపక్కనే ఉంటాయి. ఉదాహరణకు:

పోర్టు 1
– కాన్ఫిగ్: తెరిచి ఉండాలి = అవును
– స్టేట్: తెరిచి ఉండాలి = అవును; నిజంగా పనిచేస్తోందా = లేదు; వచ్చిన బైట్లు = ...

చూశారా, "తెరిచి ఉండాలి" అన్నది స్టేట్ సంచిలో కూడా ఉంది. అది పొరపాటు కాదు. మొదటిది మనం కోరినది. రెండవది పెట్టె "మీరు చెప్పింది నేను అమలు చేశాను" అని చెప్పినది. మూడవది దాని ఫలితం. కోరిక, అమలు, ఫలితం. వార్డెన్ మేడం ఇండెంట్ రాయడం, సరుకు స్టాకు రిజిస్టర్లో ఎక్కడం, మన పళ్ళెంలో పడటం. ఈ పద్ధతిలో జోడీ వెతకడం సులువు. ప్రతి ఆకూ రెండుసార్లు రాయాలి, అదొక్కటే బరువు.

మూడవ పద్ధతి: ఒకే చెట్టు, వేరు వేరు పుస్తకాలు. 2018 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 8342గా వచ్చింది. దీన్ని ఎన్ఎండీఏ అంటారు. ఇందులో చెట్టు ఆకారం ఒకటే. కానీ ఆ చెట్టును నింపిన పుస్తకాలు, అంటే డేటాస్టోర్లు, చాలా ఉంటాయి. "రన్నింగ్" అంటే మనం రాసిన పుస్తకం. "ఇంటెండెడ్" అంటే రాసినదాన్ని సరిచూసి, మూసపెట్టి రాసినవి విప్పి, పక్కన పెట్టినవి తీసేసి, పెట్టె నిజంగా అమలు చేయబోయే పుస్తకం. "ఆపరేషనల్" అంటే ఈ క్షణం పెట్టెలో నడుస్తున్నది. ఈ ఆపరేషనల్ పుస్తకాన్ని చదవడమే తప్ప రాయడం కుదరదు. ఒకే ఫారం మూడుసార్లు అచ్చు వేసి, ఒకదానిలో కోరినది, ఒకదానిలో మంజూరైనది, ఒకదానిలో జరిగినది నింపినట్టు. ఆకులు రెండుసార్లు రాయనక్కరలేదు. అదే నెలలో పోర్టుల మోడల్ కూడా ఆర్ఎఫ్‌సీ 8343గా మళ్ళీ రాశారు. ఇంటర్‌ఫేసెస్-స్టేట్ అనే రెండో చెట్టు ఇక వాడవద్దని చెప్పారు.

ఈ పద్ధతిలో నాకు బాగా నచ్చినది "ఆరిజిన్" అనే గుర్తు. ఆపరేషనల్ పుస్తకంలో ప్రతి విలువ పక్కన అది ఎక్కడి నుంచి వచ్చిందో రాయవచ్చు. మనం రాస్తే వచ్చిందా, పెట్టె తనంతట తాను పెట్టుకుందా, ఇంకొక పెట్టె దగ్గర నేర్చుకుందా, ఎవరూ ఏమీ చెప్పకపోతే మామూలుగా ఉండే విలువా అని. ఉదాహరణకు మన ఫోను వైఫైకి కలిసినప్పుడు దానికొక అడ్రసు వస్తుంది. మనం రాసింది "అడ్రసు అడిగి తీసుకో" అని మాత్రమే. ఆ అడ్రసు ఏ కాగితంలోనూ మనం రాయలేదు. అది నేర్చుకున్నది. అలాగే లేని కార్డులోని పోర్టుకు ముందుగానే కాన్ఫిగరేషన్ రాసి పెట్టవచ్చు. అప్పుడు ఇంటెండెడ్‌లో అది ఉంటుంది, ఆపరేషనల్‌లో ఉండదు. కార్డు పెట్టిన రోజున అక్కడా కనిపిస్తుంది.

6. కాలువ ఉదాహరణ

రాసినదానికీ, జరిగినదానికీ మధ్య కాలం కూడా ఉంటుంది. దీనికి మన ప్రాంతంలోనే మంచి ఉదాహరణ ఉంది. హంద్రీ-నీవా పథకంలో కృష్ణా నీళ్ళను శ్రీశైలం వెనుక జలాల నుంచి మల్యాల దగ్గర ఎత్తిపోస్తారు. అక్కడి నుంచి జిల్లాలు దాటి, పుంగనూరు బ్రాంచి కాలువ మీదుగా, కుప్పం బ్రాంచి కాలువ దాకా రావాలి. మల్యాలలో మోటారు వేసిన క్షణంలో కుప్పంలో నీళ్ళు ఉండవు. దారిలో ప్రతి మోటారు తిరగాలి, ప్రతి తూము తెరుచుకోవాలి, ప్రతి చెరువు నిండాలి. తూము ఎంత తెరవాలి అన్నది కాన్ఫిగరేషన్. ఎంత నీరు పారుతోంది అన్నది స్థితి. కాలువ మ్యాపులో ఉందని చెరువు నిండదు. చెరువు గట్టున నిలబడి చూసిన రైతుకు ఈ తేడా మనకంటే బాగా తెలుసు.

మా నాయన మదనపల్లె టమోటా మార్కెట్లో కూలి. చదువు రాదు. ఈ పాఠం ఆయనకు చెబితే నవ్వాడు. "చీటీలో రాసింది వాళ్ళ లెక్క, నేను మోసింది నా లెక్క. రెండూ పక్కపక్కన పెట్టుకుంటేనే కదమ్మా కూలి సరిపోయేది" అన్నాడు. నేను రెండేళ్ళు చదివి నేర్చుకున్నది ఆయన క్రేట్లు మోసి నేర్చుకున్నాడు.

7. మన ఊళ్ళ ఫైబరు

మన రాష్ట్రంలో పల్లెలకు ఇంటర్నెట్ చేర్చడానికి ఆంధ్రప్రదేశ్ స్టేట్ ఫైబర్‌నెట్ సంస్థ 2015లో ఏర్పడింది. భూమి తవ్వకుండా కరెంటు స్తంభాల మీదుగా ఫైబరు తీగ లాగడం దీని ప్రత్యేకత. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ దీన్ని ప్రారంభించారు. దీనితోపాటు ప్రైవేటు కేబుల్ ఆపరేటర్లు కూడా ఇళ్ళకు ఫైబరు ఇస్తున్నారు.

ఇళ్ళకు వచ్చే ఫైబరు చాలా చోట్ల జీపాన్ అనే పద్ధతిలో ఉంటుంది. ఆపరేటరు దగ్గర ఓఎల్‌టీ అనే పెద్ద పెట్టె, మన ఇంట్లో ఓఎన్‌టీ అనే చిన్న పెట్టె. మధ్యలో ఒక తీగను పలు ఇళ్ళకు పంచే స్ప్లిట్టరు. దానికి కరెంటు అక్కర్లేదు. కిందికి వచ్చే వెలుగు 1490 నానోమీటర్లు, పైకి వెళ్ళేది 1310 నానోమీటర్లు. కిందికి సెకనుకు దాదాపు 2.5 గిగాబిట్లు వస్తాయి, వాటిని ఆ తీగ మీది ఇళ్ళన్నీ పంచుకుంటాయి. సాధారణంగా వాడే రకంలో ఇంటి పెట్టెకు చేరే వెలుగు మైనస్ 27 డీబీఎం కంటే తగ్గితే కనెక్షన్ నిలవదు. వెలుగు అసలే రాకపోతే పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతుంది.

ఇందులో ఏది కాన్ఫిగరేషన్, ఏది స్థితి? ఈ ఇంటికి ఈ ప్లాన్ ఇచ్చాము అన్నది కాన్ఫిగరేషన్. ఎంత వెలుగు చేరుతోంది, ఎప్పుడు తెగింది, ఎందుకు తెగింది అన్నవి స్థితి. స్తంభాల మీది తీగకు గాలివానంటే భయం. ఒక కొమ్మ విరిగి పడితే చాలు, స్థితి మారిపోతుంది. కాన్ఫిగరేషన్‌లో మాత్రం ఒక్క అక్షరం కూడా మారదు.

8. నేను చేసిన తప్పు

ఎంసీఏ ప్రాజెక్టు కోసం ఒక చిన్న కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటరు దగ్గర మూడు నెలలు పనిచేశాను. కనెక్షన్లన్నీ ఒక చోట కనిపించే పేజీ తయారుచేయడం నా పని. నేను ఒక పట్టిక గీశాను. అందులో "స్టేటస్" అని ఒకే ఒక్క గడి పెట్టాను. దానిలో "యాక్టివ్" లేదా "ఇనాక్టివ్" అని వస్తుంది. ఆ మాటను ఎక్కడి నుంచి తెచ్చాను? కనెక్షన్ ఇచ్చిన రికార్డు నుంచి. అంటే కాన్ఫిగరేషన్ నుంచి. ఓఎల్‌టీని అడగలేదు. అడగడం కష్టం కనుక తర్వాత చూద్దామనుకున్నాను. పేజీ చూసి అందరూ బాగుందన్నారు. నాకూ గర్వంగా అనిపించింది.

మన హాస్టల్లో నా కంటే రెండేళ్ళు చిన్నది ఒక చెల్లెలు ఉండేది. పేరు రాయడం లేదు. డిగ్రీ అయ్యాక ఐసెట్ రాసింది, మంచి ర్యాంకు వచ్చింది. పుంగనూరు అవతల పల్లె వాళ్ళది. ఫోను సిగ్నలు గుట్ట ఎక్కితేనే వస్తుంది. పక్కింటి అంగట్లో ఆ ఆపరేటరు ఫైబరు కనెక్షన్ ఉంది. వెబ్ ఆప్షన్లు పెట్టడానికి చివరి రోజుకు ముందు సాయంత్రం గుట్ట మీద నుంచి నాకు ఫోను చేసింది.

"అక్కా, అంగట్లో నెట్టు రావడం లేదు. పెట్టె మీద ఎర్ర లైటు వెలుగుతా ఉండాది. పొద్దున మొదటి బస్సుకు పుంగనూరు పోయేదా?" అని అడిగింది.

నేను నా పేజీ తెరిచి చూశాను. "యాక్టివ్" అని ఆకుపచ్చగా ఉంది.

"ఇక్కడ బాగానే చూపిస్తా ఉంది. పెట్టె ఒకసారి ఆపి వేయమను. బస్సు ఛార్జీ ఎందుకు దండగ, పొద్దున అక్కడే పెట్టుకో" అన్నాను.

తను నన్ను నమ్మింది. కంప్యూటరు చదివిన అక్క చెప్పింది కదా అనుకుంది. మొదటి బస్సు వదిలేసింది. పొద్దున కూడా నెట్టు రాలేదు. ఆ రెండు రోజుల ముందు గాలివానకు చింతచెట్టు కొమ్మ పడి తీగ తెగిపోయింది. రెండో బస్సు మధ్యాహ్నం. అది దారిలో ఆగిపోయింది. తను పుంగనూరు చేరేసరికి ఆప్షన్ల గడువు ముగిసింది.

రెండో విడతలో సీటు వచ్చింది, కానీ చాలా దూరంలో. అప్పటికి అక్కడ హాస్టలు నిండిపోయింది. కొన్ని నెలలు గది అద్దె కట్టుకుని చదివింది. ఆ అద్దె కోసం వాళ్ళమ్మ ఏమి అమ్మిందో నాకు తెలుసు, ఇక్కడ రాయను.

ఇక్కడ నేను ఒక నిజం చెప్పాలి. తన కళ్ళముందు ఎర్ర లైటు ఉంది. అది స్థితి. నా ముందు ఆకుపచ్చ అక్షరాలు ఉన్నాయి. అది కాన్ఫిగరేషన్. స్థితిని కళ్ళతో చూస్తున్న మనిషి మాట వదిలేసి, నేను గీసిన గడిని నమ్మాను. ఓఎల్‌టీకి ఆ ఇల్లు తెగిపోయిందని రెండు రోజుల ముందే తెలుసు. నేను అడగలేదు, అంతే.

తర్వాత తనను కలిసి తప్పు నాదేనని చెప్పాను. "పోనీలే అక్కా" అంది. ఆ మాట తిట్టు కంటే బరువుగా ఉంది.

9. ఎలా సరిచేశాను?

ఆ వారంలోనే పట్టిక మార్చాను. "స్టేటస్" అన్న గడి తీసేశాను. దాని చోట నాలుగు గడులు పెట్టాను.

1. ఉండాల్సినది: కనెక్షన్ ఇచ్చామా, లేదా. ఇది మనిషి రాసేది.
2. ఉన్నది: ఓఎల్‌టీ చెప్పినది. పనిచేస్తోంది, తెగింది, తెలియదు. ఈ మూడవ మాట చాలా ముఖ్యం. తెలియనప్పుడు "బాగుంది" అని రాయకూడదు.
3. ఎప్పుడు తెలిసింది: చివరిసారి అడిగిన తేదీ, సమయం. పాతబడిన స్థితి కూడా అబద్ధంతో సమానం.
4. తేడా: మొదటిదీ రెండవదీ కలవకపోతే ఆ వరుస పైకి వచ్చి ఎర్రగా కనిపించాలి.

నాలుగవ గడి పెట్టిన మొదటి రోజే చాలా వరుసలు ఎర్రగా వచ్చాయి. అవన్నీ ముందు నుంచీ ఉన్నవే, కనపడకుండా పోయాయి. రెండు గడులు విడిగా ఉంటేనే తేడా కనిపిస్తుంది. తేడా కనిపిస్తేనే ఎవరైనా నిచ్చెన తీసుకుని స్తంభం దగ్గరికి వెళ్తారు.

10. గుర్తుంచుకోవలసినవి

– ఏ పట్టిక గీసినా ముందు అడగండి: ఇది ఎవరు రాసేది? మనిషా, యంత్రమా?
– ఒకే గడిలో "ఉండాలి", "ఉంది" కలపవద్దు. "స్టేటస్" అన్న పేరు కనపడితే ఏ స్టేటస్ అని అడగండి.
– దాచుకోవలసింది కాన్ఫిగరేషన్. కనిపెట్టుకుని ఉండవలసింది స్థితి.
– రెండు చెట్లా, రెండు సంచులా, వేరు పుస్తకాలా అన్నది అవసరాన్ని బట్టి ఎంచుకోండి. మూడూ వాడుకలో ఉన్నవే. విడదీయకపోవడం మాత్రం పద్ధతి కాదు.
– కళ్ళతో చూసినవాళ్ళు చెప్పే మాటను తెర మీది మాట కోసం తోసివేయవద్దు.

11. చిన్న అభ్యాసం

కింది వాటిలో ఏది కాన్ఫిగరేషన్, ఏది స్థితి? (అ) హాస్టల్ స్టడీ అవర్ సాయంత్రం 6 గంటలకు అని నోటీసు. (ఆ) ఈ రోజు స్టడీ అవర్లో ఉన్నవాళ్ళ సంఖ్య. (ఇ) నీళ్ళ ట్యాంకులో ఇప్పుడున్న మట్టం. (ఈ) ట్యాంకు నిండితే మోటారు ఆగాలి అని పెట్టిన గీత. (ఉ) స్కాలర్‌షిప్ "మంజూరైంది" అని వెబ్‌సైట్లో ఉన్న మాట. (ఊ) బ్యాంకు పాసుపుస్తకంలో పడిన మొత్తం.

చివరి రెండింటి దగ్గర కొంచెం ఆగి ఆలోచించండి. వాటి మధ్య తేడా మన హాస్టల్ పిల్లలకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఈ విద్య మనకు సులువుగా వస్తుందని నా నమ్మకం. కాగితం మీద ఉన్నదానికీ చేతికి అందినదానికీ మధ్య దూరం ఎంతో చిన్నప్పటి నుంచీ కొలిచినవాళ్ళం మనం.

చెల్లెళ్ళారా! కంప్యూటరు చదువు కష్టమని భయపడవద్దు. ఇంగ్లీషు పేర్లు చూసి వెనక్కి పోవద్దు. ప్రతి పెద్ద పేరు వెనుకా మన బోర్డు, మన పళ్ళెం లాంటి చిన్న సంగతే ఉంటుంది. ఎవరికైనా సందేహాలు ఉంటే నేను హాస్టలుకు వచ్చినప్పుడు తప్పక అడగండి.

ఆ చెల్లెలు ఇప్పుడు ఎంసీఏ చివరి ఏడాదిలో ఉంది. ఈ సంచిక తన చేతికి అందుతుందని తెలుసు. ఈ పాఠం మొదట తనకే.

మన హాస్టలు ఇలాంటి వార్షికోత్సవాలు మరెన్నో జరుపుకోవాలని కోరుకుంటూ,

– మీ అక్క, పూర్వ విద్యార్థిని, ఎంసీఏ, కుప్పం